సైటేషన్ల ముయ్యి

ఇంటర్వ్యూ చేయడానికి వచ్చే పెద్దాయన పేపర్లు నిజంగానే చదువుతాడని తెలిసిన రోజు నాగరాజ్‌కు అన్నం దిగలేదు.

నాగరాజ్ కర్ణాటకలోని చింతామణిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాడు. తల నెరిసింది గానీ ఇంకా అసిస్టెంట్ ప్రొఫెసరే. తన తర్వాత చేరినవాళ్లంతా ప్రొఫెసర్లయిపోయి, స్టాఫ్ రూములో ఫ్యాను కింద కుర్చీలు పట్టేశారు. ఈసారి కూడా ప్రమోషను తప్పితే రిటైరయ్యేదాకా ఇంతే సంగతులు.

పైకి పోవాలంటే సైటేషన్లు కావాలి. అంటే, మన పేపర్‌ను ఇతరులు తమ పేపర్ల చివర పేర్కొనాలి. ఎంతమంది పేర్కొంటే పేపర్‌కు అంత బరువు, దాన్ని వేసిన పత్రికకు అంత ఇంపాక్టు. పాఠం బాగా చెబితే మార్కులు లేవు. అది పిల్లలకు అర్థమైతే అసలే లేవు.

అయినా మన వైపు అధ్యాపకులు దిగులు పడలేదు. మనకు ముయ్యి ఉండనే ఉంది కదా. మా ఇంటి పెళ్లికి మీరు పెట్టిన చదివింపును మీ ఇంటి పెళ్లికి మేం తిరిగి పెట్టాలి, కుదిరితే ఇంకాస్త కలిపి. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి కాలేజీలవాళ్లు కలిసి ఆ ఆచారాన్ని తీసుకొచ్చి పరిశోధనలో పెట్టారు. వాట్సాప్‌లో గ్రూపు కట్టారు. తమ పేపర్ పేరు, పత్రిక పేరు, సంపుటం, పేజీలు అందులో పడేస్తే చాలు, మిగతావాళ్లు తమ పేపర్ల చివర అతికించుకుంటారు. పేపర్ తెప్పించుకుని చదవడమంటే, ముయ్యి పెట్టేటప్పుడు పెళ్లికొడుకు జీతమెంతని అడిగినట్టు. అంత మర్యాద తెలియనివాళ్లు ఆ గ్రూపులో లేరు.

నాగరాజ్ మొహమాటస్థుడు. ఏళ్ల తరబడి అందరికీ పెట్టాడే గానీ తనకంటూ ఒక్క కార్యమూ తలపెట్టలేదు. పోయినేడు అతని భార్య హేమావతి గట్టిగా తగులుకుంది.

"లోకమంతటికీ పెడతాండారు. మీకు తిరిగొచ్చింది యాడుండాది?"

మరునాడు పొద్దున్నే ‘చింతామణి మార్కెట్లో టమోటా ధరల ఒడుదొడుకులు: ఒక పునఃపరిశీలన’ గ్రూపులో ప్రత్యక్షమైంది.

ఇక చూడండి. పెట్టించుకున్నవాళ్లంతా మాట నిలబెట్టుకున్నారు. చరిత్రవాళ్లు పెట్టారు, కన్నడంవాళ్లు పెట్టారు, టమోటాను కూరలో తప్ప ఎరగని లైబ్రరీ సైన్సువాళ్లు పెట్టారు. పట్టుపురుగుల మీద రాసిన ఒకాయనైతే దీన్ని ‘దారి చూపిన కృషి’ అన్నాడు. కంప్యూటర్లో సైటేషన్ల లెక్క ఎగబాకింది. జిల్లాలో ఇంత పేరుమోసిన పేపర్ ఇంకోటి లేదన్నారు. పత్రిక సంపాదకుడు పెరిగిన ఇంపాక్టు చూసుకుని మురిసిపోయి, దాన్ని అట్ట మీద బంగారు రంగులో అచ్చేయించుకున్నాడు.

సరిగ్గా అప్పుడే బాగేపల్లి కాలేజీ నుంచి వినుత ఫోన్ చేసింది.

"సార్, ఈసారి ఇంటర్వ్యూకు నరసింహయ్య గారు వస్తాండారంట. ఆయన పేపర్లు చదువుతాడంట సార్."

"చదవడమంటే?"

"మొదట్నుంచి కడదాకా. పోయినసారి ఎవరినో, లోపల ఏం రాసినావో చెప్పప్పా అని అడిగి ఏడిపించినాడంట."

"అట్లాంటోళ్లను ఎందుకు పిలుస్తారమ్మా?"

"మీకేం భయం సార్? మీ పేపర్ అందరూ పెట్టుకోనుండారు."

"అదే కదమ్మా నా భయం," అన్నాడు నాగరాజ్.

ఇంటర్వ్యూ రోజు రానే వచ్చింది. నాగరాజ్ కంటే ముందు లోపలికి వెళ్లినాయన కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. నాగరాజ్ ఉన్న దేవుళ్లందరికీ మొక్కి లోపలికి నడిచాడు.

నరసింహయ్య సొంతూరు బాగేపల్లి దగ్గర మిట్టేమరి. బెంగళూరులో పెద్ద ప్రొఫెసర్. నవ్వు మొహం కాదు. దళసరి అద్దాల్లోంచి నాగరాజ్‌ను నిదానంగా పరికించాడు.

"మీ టమోటా పేపర్ చూస్తినప్పా," అన్నాడు.

ఉన్న ఉద్యోగం కూడా ఇవాళ్టితో సరి అనుకున్నాడు నాగరాజ్.

"చదివినారా సార్?"

"రెండుసార్లు చదివినాను. మొదటిసారి ఆ లోతు నాకు అందలేదు. మధ్యలో రైతులను అడిగి రాసిన భాగం ఉండాదే, అది మా పిల్లలకు పాఠంగా చెప్తాండాను. ముగింపు మాత్రం నేను ఒప్పుకోను."

గదిలో అందరూ నాగరాజ్ వైపు తిరిగారు.

"ముగింపు గురించి నేనింకా ఆలోచిస్తాండాను సార్," అన్నాడు నాగరాజ్ మెల్లగా.

"వినయం ఉండాది మనిషికి." పెద్దాయన పక్కవాళ్లతో అని, ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "నా కొత్త పేపర్లో మీది పెట్టినానప్పా. నా దాని పేరు పంపిస్తాను, మీరూ మనసులో పెట్టుకోండి."

"తప్పకుండా సార్."

ఇంకో ప్రశ్న ఎవరూ వేయలేదు. పెద్దాయన అంతటివాడు రెండుసార్లు చదివాక ఇంకేం అడుగుతారు? సాయంత్రానికి ఆర్డరు చేతికొచ్చింది. ప్రిన్సిపాల్ ఆంజనేయప్ప శాలువా కప్పి, ఇలాంటి పరిశోధన మన కాలేజీలో జరగడం మన అదృష్టమన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాగరాజ్‌కు నిజంగానే కళ్లు చెమర్చాయి.

ప్రొఫెసర్ నాగరాజ్ ఇంటికొచ్చి, శాలువా మడిచి పెట్టి, హేమావతి ఇచ్చిన కాఫీ తాగి, కంప్యూటర్ ముందు కూర్చుని, జిల్లా అంతా పేర్కొన్న, పెద్దాయన రెండుసార్లు చదివిన ఆ టమోటా పేపర్‌ను రాయడం మొదలుపెట్టాడు.