గాలిదారి

ఆరంతస్తులు, నలభై ఎనిమిది ఇళ్లు. బయట తారురోడ్డు కరుగుతున్నా లోపల ఒక్క ఏసీ లేదు. భవనం నడిమధ్య, డాబా నుంచి నేల దాకా ఓ గాలిదారి ఉంది. పైన తడిపిన మట్టిపలకల మీదుగా వచ్చిన గాలి చల్లబడి అందులోకి దిగుతుంది. ప్రతి వంటింటికీ ఆ దారిలోకి ఓ కిటికీ. దాన్ని ఎవరూ మూయకూడదని ఆర్కిటెక్టుగారు మెట్ల దగ్గర బోర్డు కూడా పెట్టించాడు.

మూసింది ఒక్క ఇంట్లోనే. ఆయన సొంతింట్లో.

"నాకు దుమ్ము పడదు" అంటూ చెక్క అడ్డంపెట్టి ఎనిమిది మరలు బిగించేశాడు. ఇంతమందికి చల్లగాలి పంచిన మహానుభావుడు పెళ్లాన్ని మాత్రం కొలిమిలో కూర్చోబెట్టాడు. ఆ చెక్కను చూడలేక ఆమె దానిమీద పూల తెర కట్టింది. నాలుగేళ్లుగా ఆ తెర కదల్లేదు. ఆమె కూడా ఆయన లేకుండా గడప దాటలేదు.

వెళ్లిపోవాలని ఉంది. కానీ ఎవరు నమ్ముతారు? అన్నయ్యకు ఫోన్లో చెబితే, "బావ గొంతు పెంచగా మేమెప్పుడూ వినలేదే" అన్నాడు.

కింది ఇంటి పిన్నిగారిదీ అదే మాట. "పల్లెత్తు మాటనని మొగుడమ్మా. మా ఇంట్లో మీ బాబాయి దగ్గితే గాలిదారిలోంచి విని రెండంతస్తుల పైనున్నావిడ మందు పట్టుకొస్తుంది. మీ ఇంట్లోంచి చడీచప్పుడూ ఉండదు."

ఈ భవనానికి అవార్డిచ్చే కమిటీ వస్తుందని వారం నుంచి హడావిడి. ఆమెకేమో కుట్టుమిషను మొరాయిస్తోంది. ఒక చేతికి కట్టు. రెండో చేతిలో స్క్రూడ్రైవరు ఆడుతూనే ఉంది.

ఆ రోజు రానే వచ్చింది. కింద, గాలిదారి అడుగున కుర్చీలు వేశారు. కమిటీ పెద్దలు, ఇళ్లవాళ్లు, ఆమె అన్నయ్య, అందరూ చల్లగా కూర్చున్నారు. ఆర్కిటెక్టుగారు చొక్కా మార్చుకుని, గుండీలు పెట్టుకుంటూ వంటింట్లోకి వచ్చాడు.

"కిందికొచ్చి నవ్వుతూ నిలబడు. నోరు మెదిపావో, తెలుసుగా."

"చేతికట్టు గురించి అడిగితే?"

"బాత్రూంలో జారిపడ్డానని చెప్పు. ఎప్పుడూ చెప్పేదేగా."

ఆమె మళ్లీ అడిగింది. "నిజం చెబితే?"

ఆయనకు నవ్వొచ్చింది. "చెప్పు. మా ఆయనే విరిచాడని మైకులో చెప్పు. ఎవడు నమ్ముతాడో చూద్దాం."

ఆఖరి గుండీ పెట్టుకుంటుండగా మెడకు చల్లగా తగిలితే ఆయన వెనక్కి తిరిగి చూశాడు. పూల తెర గాలికి మెల్లగా ఊగుతోంది.