ఒడ్డున పాతిన ట్యాంకు

"ఈ స్థావరం మూసేస్తున్నారు హెల్గే, తాళంచెవి ఇచ్చేయండి," అన్నాను, సైనిక కార్యాలయం ఇచ్చిన కాగితం చూపిస్తూ.

స్థావరమంటే ఒక ట్యాంకు తలే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో చేసిన ట్యాంకు అది. యుద్ధం మాత్రం స్వీడన్‌కి రానేలేదు. ట్యాంకు పాతబడ్డాక దాని తలని ఫిరంగితో సహా దేశానికి దక్షిణాన ఉన్న స్కోనె తీరంలో కాంక్రీటులో పాతేశారు. ముప్ఫై ఏళ్ళుగా హెల్గే రిజర్వు సైనికుడిగా ఏటా శిక్షణకి వచ్చి, అందులో కూర్చుని సముద్రానికి గురిపెట్టేవాడు.

ఆయన కాఫీ థర్మాస్ మూత బిగించాడు. "పోరాటం ఆపమని ఎవరొచ్చి చెప్పినా అబద్ధమేనని మాకు నేర్పారమ్మాయ్. శత్రువు మనిషి అచ్చం నీలాగే కాగితం పట్టుకొస్తాడట."

"శత్రువైతే కారులో వచ్చేవాడు. నేను బస్సు దిగి నాలుగు మైళ్ళు తడుస్తూ నడిచొచ్చాను."

ఆయన నవ్వలేదు. ఇక వాదన తప్పదనుకుని, గుర్తింపు కార్డు కోసం సంచిలో వెతుకుతున్నాను.

ఈలోగా తాళంచెవి నా ముందుకొచ్చింది.

"అయితే నన్ను నమ్మారా?" అన్నాను, దాన్ని అందుకుంటూ.

హెల్గే తన ఖాళీ చేతిని చూసుకున్నాడు.

"నువ్వెవరివో కూడా అడక్కుండానే ఇచ్చేశాను," అన్నాడు. "ముప్ఫై ఏళ్ళు కాపలా కాశాను."