ఎక్కడికీ పోని సైకిల్

“ఆన్‌లైన్‌లో పెట్టిందంతా నిజమేనండీ. ఇంట్లోనే రోజూ గంటసేపు తొక్కి పది కిలోలు తగ్గాను. ఇక దీంతో పనిలేదు,” అన్నాడు ఇంటాయన, వ్యాయామ సైకిల్ కొనడానికి వచ్చినావిడతో.

ఆవిడ సైకిల్ వంక చూసింది. ఆయన పొట్ట వంక చూసింది. “మళ్లీ ఫోన్ చేస్తాలెండి,” అంటూ చెప్పులేసుకుంది.

వంటింట్లోంచి ఇల్లాలు వచ్చింది. “మూడంటే మూడ్రోజులు తొక్కారు వదినగారూ. అప్పట్నుంచీ దీనిమీద బట్టలే ఆరేస్తున్నా.”

“నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా!” పళ్లు నూరాడాయన.

గుమ్మం దాటబోతున్నావిడ ఆగింది. “తడి దుప్పటి వేస్తే ఒరిగిపోదు కదా?”

“రెండేసినా కదలదు.”

ఆవిడ చెప్పులు విడిచి లోపలికొచ్చింది.

“అయితే ఇచ్చేయండి వదినగారూ. మా ఆయన కూడా రోజూ గంటసేపు తొక్కుతానంటున్నారు.”