వంతెన మీద కొత్త గాజులు

గోదావరి మీద పాత వంతెనను మారుస్తున్నా రాకపోకలు ఒక్క పూట కూడా ఆపలేదు. కారు దాటగానే యంత్రం దాని వెనక పాత పలకను ఊడదీసి, తర్వాతి కారు వచ్చేలోపు కొత్తది పరిచేస్తుంది. అందరికీ అలవాటైపోయింది. పెళ్లయి వారమైనా కాని మృణాళిని మాత్రం సీటు అంచును గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"కారు దానంతటదే నడుస్తుంది, అన్నీ అదే చూసుకుంటుందిలే. జంతికలు తిను," అన్నాడు భర్త ఫణి.

గోదారమ్మకు వేయమని అత్తగారిచ్చిన పసుపు కుంకుమల పొట్లం గుర్తొచ్చింది. దించబోతే కారు అద్దం నాలుగు వేళ్ల మేరే దిగింది. ఆ సందులోంచి చెయ్యి దూర్చి పొట్లం విప్పిందో లేదో, కారు ఠక్కున ఆగింది.

"చెయ్యి లోపలికి తీసుకుంటేనే కదులుతాను," అంది కారు.

చెయ్యి రాలేదు. మోచేతి దాకా ఉన్న పెళ్లి గాజులు అద్దానికి అడ్డం పడ్డాయి. ఆ వంతెన మీద ఏ కారూ ఆగి ఎరగదు. కారు దాటిపోయిందనుకుని యంత్రం ఎప్పటిలాగే వాళ్ల కింది పలకను వదులు చేయసాగింది.

"గాజులు పగలగొట్టెయ్!"

"అవేం మాటలండీ! మీకేమైనా అయితే?"

"ఇలాగే కూర్చుంటే ఇప్పుడే అయిపోద్ది!"

పలక ఒక పక్కకు ఒరిగింది. మృణాళిని కళ్లు మూసుకుని చేతిని అద్దం అంచుకేసి కొట్టింది. గాజులు భళ్లుమన్నాయి, కారు ముందుకు ఉరికింది. వెనక్కి చూస్తే, వాళ్లున్న చోట నీళ్లున్నాయి.

వంతెన దాటాక ఫణి అడిగాడు. "అమ్మకేం చెబుతావ్?"

"గోదారమ్మకు గాజులు కూడా పెట్టానని చెబుతానండీ," అంది మృణాళిని, బోసి చేత్తో అతని చొక్కా పట్టుకుని.