ముందు పీట

“రొట్టెలు ఎక్కచ్చు గని, చేసిన చెయ్యి ఎక్కరాదు,” అంది పోసవ్వ. మోకాళ్ళ లోతు మంజీర నీళ్ళలో నిలబడి, సద్దిమూటను పడవలో ఉన్న కొడుక్కి అందించింది.

హన్మండ్లు నవ్వాడు. “చాపల పడవల ఆడోళ్ళు కాలు వెట్టొద్దని తాత చెప్పిపాయె. నన్నెందుకంటవ్ అవ్వా?”

“మీ తాత పోయి పదేండ్లాయె. చాపలకు ఇంకా ఆయన భయమే ఉన్నదా?” అంటూ పోసవ్వ చీర అంచు పిండుకుని ఒడ్డెక్కింది.

హరనాథబాబు తెడ్డు వేశాడు. చేప పట్టలేనివాడిదే తెడ్డు గనక, ఈ పడవలో అది ఎప్పుడూ అతనిదే. ముగ్గురు స్నేహితుల మధ్య ఒక ఒప్పందం ఉంది. ఆదివారం పొద్దున ఎవరు పెద్ద వాలుగ చేపను పడితే ఆ వారమంతా వాళ్ళ మాట చెల్లాలి. నీళ్ళ మీదే పెరిగిన హన్మండ్లు మాట నెలకు మూడు వారాలు చెల్లేది. బీడీల కార్ఖానాలో గుమాస్తా అంజయ్య మాట మిగిలిన వారం చెల్లేది. హరనాథబాబు బి.ఎస్సీ. చదివాడు. కాలువ కింద పదెకరాల వరి పండిస్తున్నాడు. అయినా మూడేళ్ళలో అతని గాలానికి వాలుగ మీసం కూడా తగల్లేదు.

“పెండ్లయి ఇరవై దినాలు గాలే. నాల్గింటికే ఎట్ల లేసినవ్ బావా?” అడిగాడు అంజయ్య.

“లేపారు, లేచాను.”

“ఇయ్యాలన్న ఒకటి వట్టు. చెల్లె ముంగట ఇజ్జత్ పోతది,” అన్నాడు హన్మండ్లు.

“ఇవాళ నాదే,” అన్నాడు హరనాథబాబు ధీమాగా. “నాకిప్పుడు గురువుగారున్నారు.”

ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు.

“ఎవరు? బిచ్కుందల గాలమేసే పోచన్ననా?” అన్నాడు హన్మండ్లు.

“చెప్పను. పది రోజులు నేర్చుకున్నాను. నీళ్ళు లేకుండానే నేర్పారు. దారం ఒక కొస నా వేలికి కట్టి, రెండో కొస తాము పట్టుకుని చేపలాగా లాగేవారు. తొందరపడి గుంజితే చేతి మీద ఒక్కటిచ్చేవారు.”

“నీళ్ళు లేకుంట గాలం నేర్పుడేంది? మంచిగ మోసపోయినవ్ బావా,” అన్నాడు అంజయ్య.

నడి నీళ్ళలో మడుగు దగ్గర లంగరు రాయి వదిలారు. హరనాథబాబు జేబులోంచి పౌడరు డబ్బా తీసి మూత విప్పాడు. లోపల కోడిపేగులు ఉన్నాయి.

“గిదేంది? ఎర పౌడర్ వాసనొస్తున్నది,” అన్నాడు హన్మండ్లు.

“ఇంట్లో ఖాళీ డబ్బా ఉంటే అందులో పెట్టాను. విను హన్మండ్లూ, ఇవాళ నేను గెలిస్తే నా మాట ఒకటే. వచ్చే ఆదివారం మా గురువుగారికి ఈ పడవలో ముందు పీట ఇవ్వాలి.”

“ఆయనకు పడవ లేదా?”

“లేదు. గాలం పట్టి పదేళ్ళయినా ఇప్పటికీ ఒడ్డు నుంచే వేయడం. ఒక్కసారి నడి నీళ్ళలో కూచుని వేయాలని కోరిక. ఎవరూ ఎక్కించుకోలేదు. నేను ఎక్కిస్తానని మాటిచ్చి వచ్చాను. వట్టి చేతులతో పోతే ఆ ముఖం చూడలేను.”

“పాపం, ముసలోడు,” అన్నాడు అంజయ్య.

హరనాథబాబుకు హఠాత్తుగా దగ్గు వచ్చింది.

హన్మండ్లు మనసు కరిగింది. పడవ ముక్కు మీద చెయ్యి వేశాడు. “నువ్ గెలువు. రాజు గానియ్, బిచ్చపోడు గానియ్, ఎవరన్న గానియ్. ముందు పీట వాళ్ళకే.”

“మళ్ళీ మాట మారుస్తావేమో.”

“తాత మీద ఒట్టు.”

తూర్పున ఎరుపెక్కకముందే హన్మండ్లు గాలానికి మూరెడు వాలుగ పడింది. “ఇగ తెడ్డు వట్టుకో బావా,” అని దాన్ని పడవలో వేశాడు. హరనాథబాబు దారాన్ని చూపుడువేలి మీద వేసుకుని కూచున్నాడు. అరగంట గడిచింది. నీళ్ళు తెల్లబడ్డాయి. అంజయ్య రొట్టె విరిచాడు.

అప్పుడు దారం కదిలింది. పెరట్లో గురువుగారు లాగినప్పుడు కదిలినట్టే, సరిగ్గా అలాగే.

“గుంజు, గుంజు,” అన్నాడు అంజయ్య నోటినిండా రొట్టెతో.

హరనాథబాబు గుంజలేదు. వాలుగ ఎరను నోట పెట్టుకుని కొంచెం దూరం పోతుంది, అప్పుడే మింగుతుంది. ఐదు లెక్కపెట్టాలి. ఒకటి. రెండు. దారం జారిపోతోంది. మూడు. హన్మండ్లు లేచి నిలబడ్డాడు. నాలుగు. చేతి మీద దెబ్బ గుర్తొచ్చి హరనాథబాబుకు నవ్వొచ్చింది. ఐదు.

గుంజాడు. పడవ ఒక పక్కకు ఒరిగింది. నైలాన్ దారం అరచేతిని కోసింది. వాలుగ రెండుసార్లు దగ్గరకొచ్చి రెండుసార్లు మడుగులోకి దూకింది. మూడోసారి హన్మండ్లు వల గంపను దాని కింద పెట్టి ఎత్తాడు. బల్లపరుపు తల, పొడుగాటి మీసాలు, పొలుసు లేని వెండి ఒళ్ళు. హన్మండ్లు చేప పక్కన పెడితే రెండు జానలు ఎక్కువే.

హన్మండ్లు రెండు చేపల్నీ జానతో మళ్ళీ కొలిచాడు. “నీ గురువు గట్టోడే బావా,” అన్నాడు చివరికి. “వచ్చే ఐతారం తీస్కరా. మాకు గూడ నేర్పమను.”

ఆ రోజు తెడ్డు అంజయ్య వేశాడు.

హరనాథబాబు సైకిలు హ్యాండిలుకు వాలుగను కట్టుకుని, బాన్సువాడ బజారంతా బెల్లు కొట్టుకుంటూ ఇల్లు చేరాడు. పెరట్లో తొట్టి పక్కన దాన్ని దించాడు. అతని భార్య రాజ్యం వంటింట్లోంచి కత్తిపీట పట్టుకొచ్చింది.

“హన్మండ్లు ఒట్టేశాడు,” అన్నాడు హరనాథబాబు రొప్పుతూ. “ముందు పీట. వాళ్ళ తాత మీద ఒట్టు.”

రాజ్యం కత్తిపీట కింద పెట్టింది. చేప పక్కన గొంతుక్కూచుని, దాని మీసాన్ని వేలికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకుంది.

“పడవెక్కడానికి ఏ చీర కట్టుకోను?” అంది.