మెరుపుకూ ఉరుముకూ మధ్య

ఠంగ్!

ఇనుము మీద ఇనుము మోగింది. వాన హోరును చీల్చుకొని, వేలమంది కేకలను దాటుకొని మోగింది.

ఠంగ్!

"ఎవరది?" అంటూ క్లబ్బు కార్యదర్శి లోంబే లేచి నిలబడింది.

గోలు వెనక, గనివాళ్ళు ఒకప్పుడు షిఫ్టు పిలుపుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క ఉంది. చిరిగిన రెయిన్‌కోటులో ఒక ముసలివాడు ఇనుపకడ్డీతో దాన్ని కొడుతున్నాడు.

"చేతబడి!" గ్యాలరీ గొల్లుమంది. "ఎదుటి జట్టు పంపిన మంత్రగాడు! మన గోలుకు కట్టు కడుతున్నాడు!"

"మంత్రాలే వస్తే ముందు ఆ కోటు చిరుగు మాయం చేసుకునేవాడు కాదట్రా!"

జనవరి నెల. గనుల ఊరు లువాన్ష్యాలో ఫుట్‌బాల్ మైదానం. డెబ్బై ఎనిమిదో నిమిషం.

ఇన్నేళ్ళూ లీగ్ వానల్లేని నెలల ఆట. మార్చిలో మొదలై, వానలు దిగకముందే నవంబరులో ముగిసేది. ఈ సీజన్‌లోనే దాన్ని ఆగస్టు నుంచి మే దాకా మార్చారు.

మార్పించింది లోంబేయే.

"మన ఆటలు ముగిసేసరికి యూరప్‌లో ఆటగాళ్ళను కొనేవాళ్ళ తలుపులు మూసుకుంటున్నాయి. మన పిల్లలు మళ్ళీ గనిలోకే దిగుతున్నారు," అని లీగ్ సభలో వాదించింది.

"వానల్లో పిడుగులు పడవా?" అన్నారెవరో.

"పడ్డాయి. మా మైదానంలోనే. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట, వాయిదాలు పడి డిసెంబరుకు జారిన కప్పు ఫైనల్లో. పోయిన ముగ్గురిలో ఒకడు మా అన్న చిసంగా. అతణ్ణి చంపింది వానాకాలం కాదు. ఆట ఆపని ఆ ఈలవాడు."

 మార్పుకు ఒప్పుకుంటూ సభలో చేతులు లేచాయి.

ఆ రిఫరీ పేరును లువాన్ష్యాలో ఎవరూ పలకరు. పలికితే ఇంటిమీద పిడుగు పడుతుందంటారు. ఈలవాడు. అంతే.

కొత్త క్యాలెండరులో ఇప్పటికే మూడు ఆటలు వానకు ఆగిపోయాయి. ఇది నాలుగోది. ఇదీ ఆగితే సోమవారం సభలో పాత క్యాలెండరే తిరిగి వస్తుంది.

లోంబే గోలు వెనక్కి పరుగున వెళ్ళింది.

"ఎవరు పంపారు తాతా నిన్ను?"

"ఎవరూ లేరమ్మా. మెరుపుకూ ఉరుముకూ మధ్య లెక్కపెడుతున్నాను. ఇందాక తొమ్మిది. ఇప్పుడు ఆరు, పిడుగు దగ్గరికొస్తోంది. పిల్లల్ని లోపలికి పిలువు."

"ఇంకా పన్నెండు నిమిషాలేగా!"

ముసలివాడు ఆమె ముఖంలోకి చూశాడు.

"ఆ మాట మంచిది కాదమ్మా. ఒకప్పుడు నేనూ అన్నాను."

"ఆగిపోయిన మూడు ఆటల దగ్గరా నువ్వే ఉన్నావట. ఈ కడ్డీతోనే!"

"ఉన్నాను," అన్నాడతడు. "ఆగాయిగా."

లోంబే కడ్డీ లాక్కుంది. కాపలావాళ్ళు అతని రెక్క పట్టుకున్నారు.

"నడు తాతా, నీ పిడుగుల్ని బయట ఆరేసుకో!" అన్నాడు వాళ్ళలో ఒకడు.

అతడు పెనుగులాడలేదు. గేటు దగ్గర మాత్రం ఒక్కసారి వెనుదిరిగాడు.

"లెక్క మూడుకు దిగేదాకా ఆగకమ్మా."

గేటు మూసుకుంది.

రిఫరీ గీత దగ్గరికి వచ్చాడు. కుర్రవాడు. 

"అక్కా, ఆపమంటారా?"

"ఆడించు. జవాబు నేను చెప్పుకుంటాను."

మెరిసింది.

లెక్కపెట్టకూడదనుకుంది లోంబే. లెక్క దానంతటదే నడిచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు.

ఉరిమింది.

బంతి బురదలో ఆగింది. ఎవరో తన్నారు. ఎవరో జారారు. గ్యాలరీ నవ్వింది.

మెరిసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

ఉరిమింది.

గోల్‌కీపర్ మ్వాపే తడిచేతిని ఇనుప స్తంభానికి ఆనించి నిలబడ్డాడు. బెల్జియం నుంచి అతని కోసం కబురు వచ్చి రెండు వారాలు. వయసు పంతొమ్మిది.

చిసంగాకూ పంతొమ్మిదే.

సోమవారం సభ కళ్ళముందు కదిలింది. ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగిపోతున్నట్టు కనబడింది.

లోంబే కడ్డీ ఎత్తింది.

ఠంగ్! ఠంగ్! ఠంగ్!

"లోపలికి! అందరూ లోపలికి!"

రిఫరీ ఈల ఊదాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. లోంబే గొంతు అలాంటిది. రెండు జట్లూ పరుగెత్తాయి. మ్వాపే కట్టకడపట, లోంబేతో పాటు గ్యాలరీ పైకప్పు కిందికి వచ్చాడు.

ఈసారి లెక్కపెట్టడానికి ఏమీ మిగలలేదు. మెరుపూ ఉరుమూ ఒక్కటై దిగాయి.

కళ్ళు తెరిచి చూస్తే, గోలు వల నీలిమంటతో కాలుతోంది.

జట్టు బట్టలు చూసే ముసలి సాంపా వేలు చూపిస్తూ తలలు లెక్కపెట్టాడు. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

"ఇరవై రెండూ ఉన్నాయి తల్లీ," అని గోడకు చేరగిలబడ్డాడు.

అప్పుడతని చూపు ఆమె చేతిలోని కడ్డీ మీద పడింది. పిడి చుట్టూ నల్లతాడు. తాడు కొసన, నోరు చితికిన ఇత్తడి ఈల.

"ఇది... ఇది నీకెక్కడిది?"

"ఆ మంత్రగాడిది. ఏం?"

"ఆనాడు మీ అన్న పక్కన మోకాళ్ళ మీద కూలబడి, రాయి తీసుకొని ఈ ఈలను చితగ్గొట్టాడు. నా కళ్ళారా చూశాను. అతడే తల్లీ, ఆ ఈలవాడు! పేరు..."

సాంపా నోరు అలవాటుగా మూసుకుంది.

లోంబే గేటు తోసుకొని రోడ్డు మీదికి పరుగెత్తింది. మలుపు తిరుగుతున్న మినీబస్సు వెనక అద్దంలో చిరిగిన కోటు కాలరు ఒక్క క్షణం కనబడింది.

చిసంగాను పూడ్చిన నాడు తల్లి నోట ఒకే ఒక్కసారి విన్న పేరును, ముప్పై ఒక్క ఏళ్ళుగా ఊరు పలకని పేరును, ఆమె ఆ వానలో ఎలుగెత్తి పిలిచింది:

"కపాంబ్వే గారూ!"