నీటిమట్టం చదివే వరుస

కోర్డోబాలో ట్యాంకు నిండినా మా పంపు ఆగలేదు. వీధంతా నీళ్లు. పంపును నడిపే నా ప్రోగ్రాములో తప్పేమీ లేదనీ, దాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలరే, నాకు చదువు చెప్పిన నేలిదా మేడమ్ రాసిందే, చెడిందనీ దేశంలోని ప్రోగ్రామర్లందరూ చదివే ఆన్‌లైన్ వేదికలో రాసి పడేశాను. ఆవిడకు వయసైపోయిందని కూడా అన్నాను.

మర్నాడు ఆవిడే బస్సెక్కి వచ్చింది. వెంట తెచ్చుకున్న మాతే ఆకుల టీ తాగుతూ, యంత్రభాషకు ముందు కంపైలర్ రాసుకునే మధ్యంతర కోడును వరుసవరుసగా చదివింది. ఒకచోట ఆవిడ వేలు ఆగింది.

"ఇదిగో లౌతారో, నీటిమట్టం చదివే వరుస, మళ్లీమళ్లీ తిరగాల్సిన లూపు బయటికి పోయింది. ఒక్కసారి చదివి ఊరుకుంటోంది."

"నేనన్నదీ అదే కదా మేడమ్! దాన్నెవరు తీయమన్నారు?"

"ఆ విలువ బయటి నుంచి మారుతుందని నువ్వు చెప్పకపోతే కంపైలరుకెలా తెలుస్తుందిరా? 'వోలటైల్' అని ఒక్క మాట చేర్చి చూడు."

చేర్చాను. ట్యాంకు నిండగానే పంపు ఆగింది. ఆవిడ మాతేలో వేడినీళ్లు పోసి నా చేతికిచ్చింది.

ఆవిడ వెళ్లాక నా రాత చెరిపేద్దామని తెరిచాను. కింద ఆవిడ జవాబుంది. నా రాత చదివే తప్పెక్కడుందో పసిగట్టి, ఇక్కడికి బస్సెక్కకముందే రాసింది.

"లౌతారో నా శిష్యుడే. వోలటైల్ పాఠం నేనే సరిగ్గా చెప్పి ఉండను. తప్పు నాదే."

ఆ పాఠం చెప్పిన రోజు నేను క్లాసుకే వెళ్లలేదు.